కందకం అడుగున

నా భర్త చెవుల్లోంచి మట్టి తీసింది నేనే. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు శుభ్రం చేసే ఉంచామన్నారు. పైకి కనిపించినంత వరకు చేశారు కూడా. మా పద్ధతిలో స్నానం చేయించుకుంటామని అడిగితే ఒక గది, నీటి గొట్టం ఉన్న స్టీలు బల్ల ఇచ్చారు. తడిగుడ్డ కొస చెవిలో తిప్పితే నల్లమట్టి వచ్చింది. ముక్కులోంచీ వచ్చింది. గోళ్ళ కింద గట్టిగా దిగబడి ఉంది. మట్టి మీద పడ్డాక కూడా ఆయన కొంతసేపు చేతులతో తవ్వుకున్నారని దాన్నిబట్టి తెలిసింది. కళ్ళలో నెత్తురు చిమ్మి తెల్లభాగమంతా ఎర్రగా ఉంది. ఛాతీ ఎడమవైపు లోపలికి పోయింది. నా కూతురు గోడవైపు తిరిగి నిలబడింది. నేను తిరగలేదు. ఎవరో ఒకరు చూడాలి.

మా ఆయన సివిల్ ఇంజనీరు. మురుగునీటి పైపులు వేసే చోట తనిఖీ చేయడం ఆయన పని. మేముండే ప్లేనో ఊరికి ఉత్తరాన కొత్తగా ఇళ్ళు లేస్తున్న ఒక లేఅవుట్‌లో ఆ రోజు లోతైన ట్రెంచ్ తవ్వారు. అందులోకి మనుషులు దిగేటప్పుడు రెండు పక్కలా ఇనుప పలకలున్న పెట్టె దించుతారు, మట్టి కూలినా లోపలివాళ్ళ మీద పడకుండా. పెట్టె దించారు. కానీ చూడాల్సిన పైపు అతుకు పెట్టె దాటాక నాలుగడుగుల అవతల ఉంది. ఆయన ఆ నాలుగడుగులూ నడిచారు. గోడ పడింది. పైనున్నవాళ్ళు కంగారులో యంత్రం బకెట్‌తోనే తవ్వబోయారు. ఛాతీ విరిగింది మట్టి వల్లనా, బకెట్ వల్లనా అన్నది రిపోర్టులో తేలలేదు.

పదమూడో రోజు తర్వాత ఇక్కడి తెలుగువాళ్ళు సంస్మరణ సభ పెట్టారు. మంచివాళ్ళే, ప్రేమతోనే పెట్టారు. ఒకాయన మైకు తీసుకుని, భూమాత తన బిడ్డను ఒడిలోకి తీసుకుందన్నారు. నేను లేచి కారు దగ్గరికి వెళ్ళిపోయాను. ఘనగజం మట్టి ఒక చిన్న కారంత బరువుంటుంది. తల బయటే ఉన్నా, ఛాతీ దాకా పూడితే మనిషి బతకడం కష్టం. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకొంచెం బిగుసుకుంటుంది, మళ్ళీ పీల్చుకోవడానికి చోటివ్వదు. అప్పటికి ఇవన్నీ చదివేశాను. ముప్ఫై ఏళ్ళు కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, తెలియనిది చదివి తెలుసుకోవడం తప్ప దుఃఖపడే పద్ధతి ఇంకొకటి నాకు రాదు.

సభకి రాని మనిషి ఒకాయన ఆ వారంలోనే ఇంటికి వచ్చారు. మా పక్కింటాయన. నైజీరియాలో బెనిన్ సిటీ ఆయన ఊరు. ఇక్కడ ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టు. మా కన్నా ముందు నుంచే ఆ వీధిలో ఉన్నారు. భార్య నర్సు, షిఫ్టుల్లో తిరుగుతూ ఉంటుంది. నేను ఆయన్ని డాక్టర్ అనేదాన్ని, ఆయన నన్ను మేడమ్ అనేవారు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన వచ్చి కూర్చున్నారు. తర్వాత ఒకే మాట అడిగారు.

"ఎవరు తవ్వారు?"

అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. ఎలా జరిగింది, ఏ టైమ్‌కి, నొప్పి తెలిసిందా, ఇవే అడిగారు. నేను మొత్తం చెప్పాను. ఆయన విని, మా ఊళ్ళో మనుషుల్ని చంపడానికే మట్టి తవ్వారు మేడమ్, అన్నారు. అలా మొదలైంది బెనిన్ గోడల సంగతి.

ఆ గోడని వాళ్ళ ఎడో భాషలో ఇయా అంటారు. గోడ అనగానే మనకి రాయో ఇటుకో గుర్తొస్తుంది. ఇది అది కాదు. నేలలో లోతుగా కందకం తవ్వి, తవ్విన ఎర్రమట్టిని లోపలివైపు పోసి కట్ట వేశారు. వలయం లోపల వలయంగా, ఊళ్ళనీ పొలాల్నీ చుట్టుకుంటూ, తరాల పాటు. ఎంత పొడవో పుస్తకానికో అంకె ఉంది. ఏ అంకెనీ నమ్మలేక వదిలేశాను. ఎందుకు తవ్వారో మాత్రం అంకెలు లేకుండానే అర్థమవుతుంది. కందకంలో దిగిన శత్రువు ఎదురుగా తన ఎత్తుకి ఎన్నో రెట్లున్న నిలువు మట్టిని ఎక్కాలి. రెండు చేతులూ మట్టి పట్టుకోవడానికే చాలవు, కత్తి పట్టలేడు. పైకి వచ్చేసరికి అతని తల, పైన నిలబడ్డవాడి కాళ్ళ దగ్గర ఉంటుంది. అక్కడ నరికితే మొండెం దొర్లి వెనకవాళ్ళ మీద పడుతుంది. మహాద్భుత నిర్మాణం అని రాసినవాళ్ళు ఈ సంగతి రాయలేదు. తవ్వినవాళ్ళలో ఎంతమంది తవ్వుతుండగానే పూడిపోయారో కూడా రాయలేదు. అంత మట్టి తవ్వితే పూడకుండా ఉండరు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ సైన్యం తుపాకులతో వచ్చింది. తుపాకీకి కందకం అడ్డు కాదు. ఊరు తగలబెట్టి, రాజుని పట్టుకుని రాజ్యం దాటించి, కంచు బొమ్మలు ఓడలకెత్తుకుపోయారు. కట్టని మాత్రం ఎత్తుకుపోలేకపోయారని పక్కింటాయన నవ్వేవారు. ఇప్పుడు మేమే ఎత్తుకుపోతున్నాం, టిప్పర్లలో, అనేవారు. మా కంచె ఒకసారి గాలివానకి పడిపోతే ఇద్దరం కలిసి వేయించాం. మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం హెచ్‌ఓఏ నుంచి అనుమతి రావడానికి నెల పట్టింది. ఈ దేశంలో కోటగోడ అంటే ఆరడుగుల చెక్క, దానికి కూడా రంగు వాళ్ళే చెప్తారు అన్నారాయన.

నాకు మట్టికోట కొత్త కాదు. నేను పుట్టింది ఓరుగల్లు. రాతికోట చుట్టూ కాకతీయుల నాటి మట్టికట్ట ఉంటుంది, దాని బయట కందకం. చిన్నప్పుడు ఆ కట్ట మీద గేదెలు మేసేవి. ఢిల్లీ సైన్యం దాని కింద రోజుల తరబడి చచ్చిందని బడిలో చెప్పారు, కానీ గేదెల్ని చూస్తూ ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు నమ్ముతాను.

పక్కింటాయన తండ్రి ఇల్లు బెనిన్ సిటీలో ఆ కట్టకి లోపలివైపు ఉంది, వంటిల్లూ వెనక గదీ కట్ట మీదికే వస్తాయి. తండ్రి పోయాక ఆయన్ని ఆ ఇంట్లోనే వెనక గదిలో పాతిపెట్టారు. అక్కడి ఆచారం అది. తండ్రి బతికి, చచ్చి, పూడిన ఇల్లు పెద్దకొడుక్కి వస్తుంది. దాన్ని ఇగియోగ్బె అంటారట. ఇంకే ఆస్తి అయినా పంచుకోవచ్చు, అది మాత్రం పెద్దవాడిదే. ఆయన పెద్దవాడు, ప్లేనోలో ఉన్నారు. తమ్ముడు భార్యాపిల్లలతో ఆ ఇంట్లో ఉంటున్నాడు. కానీ ఆ నేల మీద గోడ పడగొట్టాలన్నా, గొడవ పడాలన్నా, పెద్దవాడి నోటినుంచి మాట రావాలి.

ఒక వసంతంలో గొడవ వచ్చింది. ఆ పేటలో కొంతమంది బయటివైపు నుంచి ఎండిన కందకంలోకి టిప్పర్ దించి కట్టని తవ్వి మట్టి అమ్ముతున్నారు. ఇళ్ళు కట్టేవాళ్ళకి ఎర్రమట్టి కావాలి. చట్టప్రకారం కట్టని ముట్టుకోకూడదు, కానీ ముట్టుకోనివాళ్ళు లేరు. తమ్ముడు వెళ్ళి అడ్డుపడ్డాడు. పార కామతో దవడ మీద కొట్టారు. దవడ ఎముక రెండు చోట్ల విరిగింది, పళ్ళు ఊడాయి. కింద పడ్డాక పొట్టలో తన్నారు. అతని పెళ్ళాం అడ్డం వస్తే ఆమెని జుట్టు పట్టి కందకంలోకి తోశారు. ఫోటో నాకు చూపించారు. దవడకి తీగలు బిగించి ఉన్నాయి, ఒక కన్ను మూసుకుపోయింది.

తమ్ముడు ఆ తీగల మధ్యనుంచే ఫోన్‌లో అన్నాడట, అన్నా, నువ్వు అక్కడ మాత్రలు లెక్కపెట్టుకుంటూ ఉండు, ఇక్కడ నా పళ్ళు నేను లెక్కపెట్టుకుంటాను. ఒక్క మాట చెప్పు, కుర్రాళ్ళని తీసుకెళ్తాను అని. పక్కింటాయన ఆ మాట చెప్పలేదు. ఆ శనివారం పెరట్లో ఎండిపోయిన మర్టిల్ చెట్టు మొదలుని కత్తితో నరకడం నేను కంచె మీదుగా చూశాను. చిన్నప్పుడు బడి ఆవరణలో గడ్డి కోయించేవారట, అలాంటి పొడవాటి కత్తే. మొదలు పొడి పొడి అయింది, అయినా ఆపలేదు. అరచేయి చీరుకుని కత్తిపిడి తడిసింది. పిలిస్తే నా వైపు చూశారు, నన్ను గుర్తుపట్టినట్టు లేదు. నేను లోపలికి వచ్చేశాను.

జూన్‌లో తమ్ముడు ఒక వీడియో పంపాడు. కోర్టుకి పనికొస్తుందని, కట్ట వంపు తిరిగే చోట ఉన్న వంటింటి కిటికీలోంచి పక్కగా తీశాడు. ఒక ఉదయం పక్కింటాయన ఆ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు, టీ పెట్టాను. చూడండి మేడమ్, కట్టని ఎలా తింటున్నారో అని చూపించారు. నేను చూసింది వేరు.

"ఆపండి. మళ్ళీ వెయ్యండి."

వాళ్ళు కట్టని పైనుంచి తవ్వడం లేదు. అడుగున తవ్వుతున్నారు. పైన చెట్ల వేళ్ళూ చెత్తా ఉంటాయి, అడుగున మట్టి శుభ్రంగా ఉంటుంది, టిప్పర్ కూడా అక్కడే నిలబడుతుంది. అడుగు తొలిచి తొలిచి గుహలాగా చేశారు. లోపల ఐదారుగురు తవ్వుతున్నారు. ఒకడు ఆ గుహ నీడలో కాళ్ళు చాపుకుని అన్నం తింటున్నాడు. వాళ్ళ నెత్తిమీద మూడంతస్తుల ఎత్తు మట్టి గాలిలో నిలబడి ఉంది. వీడియో చివర్లో ఫోన్ ఒక్క క్షణం కిందికి వంగింది. కట్ట పైన, అంచు వెంట, పొడుగ్గా ఒక పగులు. అందులోకి ఎండిన అరటాకు ముక్క ఒకటి సగం దిగి ఉంది. అంటే పగులు అంత వెడల్పు.

మా ఆయన రిపోర్టులోనూ అంచు వెంట పగులు ఉంది. ముందు రోజే కనిపించిందని, ఎవరూ పట్టించుకోలేదని రాశారు. ఇది కూలుతుందని పక్కింటాయనకి చెప్పాను. ఎప్పుడని అడిగారు. రోజు చెప్పలేను, గట్టి వాన పడితే ఇక నిలవదు అన్నాను. ఆ మట్టి అన్ని వందల ఏళ్ళు నిలబడింది దాని అడుగు దానికి ఉండబట్టి. ఇప్పుడు అడుగు లేదు. వెంటనే వాళ్ళని బయటికి రమ్మనండి, మీ ఇంట్లోవాళ్ళని ముందు గదుల్లోకి మార్చండి అన్నాను.

ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టారు. టీ మొత్తం తాగారు. తర్వాత అన్నారు:

"ఇంట్లోవాళ్ళని మారుస్తాను. ఆ గోడని దేనికోసం కట్టారో ఆ పని చెయ్యనివ్వండి మేడమ్."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక, వాళ్ళు కూలీలు అన్నాను. ఆ కూలీలే నా తమ్ముడి దవడ విరగ్గొట్టారు అన్నారు. అన్నం తింటున్నవాడు కొట్టాడా అని అడిగాను. ఆ పార చూడండి, ఆ పారే అన్నారు. చనిపోతారు డాక్టర్ అన్నాను. నేను ఎవర్నీ ముట్టుకోవడం లేదు, నా తమ్ముడు కూడా ముట్టుకోవడం లేదు, ఒక్క చుక్క నెత్తురు లేకుండా అయిపోతుంది, తమ్ముణ్ణి ఆపాను కదా అన్నారు. నిజంగానే శాంతంగా చెప్పారు. చెట్టు నరికినప్పటి మొహం కాదు అది. దాన్ని చూస్తేనే నాకు భయం వేసింది.

"మీ ఆయన దొంగ కాదు, మేడమ్" అన్నారు గుమ్మం దగ్గర.

"మట్టి అది అడగలేదు" అన్నాను.

ఆ తర్వాత ఆయన కంచె వైపు రాలేదు. నేను ఫోన్‌లో బెనిన్ సిటీ వాతావరణం చూడడం మొదలుపెట్టాను. అక్కడ వానల కాలం. పొద్దున్నే లేచి చూసేదాన్ని, మబ్బు బొమ్మ కింద గీతలు. తమ్ముడి నంబరు నా దగ్గర లేదు. అక్కడి పోలీసులకి ఫోన్ చేసి ఏమని చెప్పాలి, ఏ వీధి అని చెప్పాలి? వేరే రాష్ట్రంలో, చాండ్లర్‌లో ఉన్న నా కూతురికి చెప్పాను. అమ్మా, ప్లీజ్, నువ్వు ఇన్వాల్వ్ అవ్వకు, నువ్వు దాన్ని చూస్తూ నాన్నని చూస్తున్నావు అంది. అవును, నాన్ననే చూస్తున్నాను, అయితే ఏంటి అన్నాను. అది ఏడ్చింది. తప్పుగా ఏమీ అనలేదు పాపం.

మూడో వానరోజు చూశాక ఆగలేకపోయాను. వెళ్ళి ఆయన తలుపు కొట్టి, కారెక్కండి అన్నాను. ఎక్కడికని అడగలేదు. ఉత్తరంగా డ్రైవ్ చేశాను. ఆ లేఅవుట్‌కి నేను కూడా అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఇప్పుడది పూర్తయిన వీధి. కొత్త ఇళ్ళు, గారేజ్ ముందు బాస్కెట్‌బాల్ రింగు, గడ్డి మీద నీళ్ళు చిమ్ముతున్నాయి. రోడ్డు మధ్య మ్యాన్‌హోల్ మూత ఉంది. దానికి కొన్ని అడుగుల ఇవతల కారు ఆపాను. ఇక్కడే అని చెప్పాను.

కారులో కూర్చునే చెప్పాను, నా కూతురికి కూడా చెప్పనివన్నీ. చెవులు. గోళ్ళు. ఒక గోరు పూర్తిగా ఊడిపోయింది. ఎర్రటి కళ్ళు. నాలుక పళ్ళ మధ్య పడి తెగింది. తడిగుడ్డ మడిచిన చోటల్లా నల్లబడడం. ఇంకొక సంగతి కూడా చెప్పాను. ఆ రోజు ట్రెంచ్‌లో మా ఆయన ఒక్కరే లేరు. పైపులు అతికే నడివయసు మనిషి ఒకాయన పక్కనే ఉన్నాడు. మట్టి రాలడం మొదలవగానే అతను నిచ్చెన ఎక్కబోతుంటే, మేస్త్రీ పైనుంచి వంగి అతని జుట్టు, చొక్కా దొరకబుచ్చుకుని ఇనుప పెట్టె మీదుగా ఈడ్చాడు. ఆ ఇనుప అంచుకి కొట్టుకుని అతని మెడ కింది ఎముక విరిగింది, నెత్తిమీద చర్మం ఊడి వచ్చింది. అతను బతికాడు. నాకు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి క్షమించమన్నాడు, దేనికో నాకు తెలియదు. మా ఆయన జుట్టు ఎవరి చేతికీ అందలేదు.

పక్కింటాయన మ్యాన్‌హోల్ మూతనే చూస్తున్నారు. ఒక పిల్ల సైకిల్ మీద దాని మీదుగా వెళ్ళింది. మేం తిరిగి వచ్చాం.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. ఇక్కడ ఏడైతే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. మా వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకర్ నొక్కి తమ్ముడికి చేశారు. ఎడోలో మొదలుపెట్టి, నా కోసం ఇంగ్లీషులోకి మారారు. వాళ్ళని బయటికి రమ్మని చెప్పు, గోడ పడిపోతోందని చెప్పు, పెద్దవాడిగా నా మాట ఇది అన్నారు. అవతల తమ్ముడు నవ్వాడు. దవడ తీగలు తీసినా మాట ఇంకా ముద్దగానే ఉంది. మట్టి కాపాడుకోవడానికి అబద్ధం ఆడుతున్నానంటారు అన్నా, నా మిగతా పళ్ళు కూడా రాలగొడతారు అన్నాడు. వెనక వాన చప్పుడు వినిపిస్తోంది. పక్కింటాయన కళ్ళు మూసుకున్నారు.

"బయటికి తియ్యి. ఎలా తీస్తావో నీ ఇష్టం."

ఆ చివరి మాట నేను విన్నాను. తమ్ముడు కూడా విన్నాడు, సరే అన్నా అని ఫోన్ పెట్టేశాడు. నేను అడ్డు చెప్పలేదు. మళ్ళీ అదే జరిగినా చెప్పను.

తర్వాత జరిగింది మేం వీడియోలో చూశాం. వాన చూస్తూ కందకం అవతలి ఒడ్డున నిలబడ్డవాళ్ళెవరో తీశారు. తమ్ముడూ, అతని కజిన్లూ, ఇరుగుపొరుగు కొందరూ కర్రలూ కత్తులూ పట్టుకుని టిప్పర్ దిగే దారిన పరిగెత్తుకుంటూ దిగారు. ఏ హెచ్చరికా చెప్పలేదు. గుహలో ఉన్నవాళ్ళని కర్రలతో వీపుల మీద, మోకాళ్ళ వెనక కొట్టారు. ఒకడు బురదలో బోర్లా పడితే కాలు పట్టి ఈడ్చారు, మొహం రాళ్ళ మీద గీసుకుంటూ వచ్చింది. మిగతావాళ్ళు పరిగెత్తారు. ఒకడు మాత్రం పార తిప్పుతూ గుహలోపలికే వెనక్కి వెళ్ళాడు. అతను భయపడ్డాడు, అంతే. అతన్ని బయటికి తేవడానికి ముగ్గురు వెళ్ళారు. పార పట్టిన చేతి మీద కత్తి పడింది. చెయ్యి విప్పుకుంది, వేళ్ళు కొన్ని కామ దగ్గరే ఉండిపోయాయి. అతని కేక ఫోన్‌లో చీలిపోయినట్టు వినిపించింది. చొక్కా పట్టి ఈడ్చుకొచ్చారు, ఎదుటి గట్టుకి చేర్చారు, అక్కడ కూడా తన్నుతూనే ఉన్నారు.

అప్పుడు కట్ట అంచు నుంచి చిన్న చిన్న మట్టి గడ్డలు రాలాయి. తర్వాత మొత్తం ఒక్కసారి దిగింది. విరిగి పడలేదు, నిలువునా ఉన్నది ఉన్నట్టు కిందికి జారి, అడుగుకి తగిలి పగిలింది. టిప్పర్ కనిపించలేదు. వెనకాల సగం వంటిల్లూ, వెనక గదీ కూడా వచ్చాయి. రేకు ఒకటి పైన వేలాడింది. తన్నుతున్నవాడు కాలు ఎత్తి అలాగే ఆగిపోయాడు. తన్నులు తింటున్నవాడు చేయి పట్టుకుని ఆ గుట్టనే చూశాడు. అందరూ ఉన్నారు. గుట్ట కింద ఎవరూ లేరు.

తమ్ముణ్ణి ఆ సాయంత్రమే పోలీసులు తీసుకెళ్ళారు. వేళ్ళు పోయినవాడి మనుషులు స్టేషన్ బయట నిలబడి, చేతికి చెయ్యి కావాలన్నారు. ప్రాణాలు కాపాడారన్న మాట ఎవరూ నమ్మలేదు. చావనివాళ్ళని చూపించి వీళ్ళు చచ్చేవాళ్ళు అని ఎవరు నిరూపిస్తారు? పక్కింటాయన టికెట్ బుక్ చేసుకున్నారు. ఇల్లు ఆయనది, మాట ఆయనది, కోర్టులో అదే చెప్తానన్నారు. లైసెన్సు పోవచ్చు, అరెస్టు చేయవచ్చు అని భార్య చెప్పి చూసింది. వెళ్ళే ముందు రోజు నా దగ్గరికి వచ్చారు.

"తమ్ముడితో మాట్లాడాను, మేడమ్. వాళ్ళని కాపాడావని చెప్పాను. లేదన్నాడు. ప్రతి దెబ్బా ఇష్టంగానే కొట్టానన్నాడు. కత్తి వేసింది తనేనన్నాడు. ఎలా తీస్తావో నీ ఇష్టం అన్నాను కదా నేను. ఏం జరుగుతుందో తెలిసే అన్నాను."

నేను ఓదార్చలేదు.  నాకు తెలిసింది చెప్పాను.

"ఆ రోజు మా ఆయన మీద పగతో ఉన్నవాడెవడైనా వచ్చి, చెయ్యి నరికైనా సరే, ఆ గోతిలోంచి పైకి ఈడ్చి ఉంటే, వాడికి ఇప్పటికీ నేను మా ఇంట్లో అన్నం పెడుతూ ఉండేదాన్ని."

ఆయన తల ఊపారు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. వేళ్ళు పోయినవాడు అలా అనుకోడు మేడమ్ అన్నారు. అనుకోనక్కర్లేదు అన్నాను.

బెనిన్ సిటీ నుంచి రెండు వారాల తర్వాత వీడియో కాల్ చేశారు. మొహం నల్లగా వాడిపోయింది. పోలీసులు ఆయన మాట రాసుకున్నారు, ఊరు దాటి వెళ్ళొద్దన్నారు. తమ్ముడికి బెయిల్ వచ్చింది, కేసు ఉంది. వేళ్ళు పోయినతన్ని ఆస్పత్రికి చూడడానికి వెళితే మొహం మీద ఉమ్మాడట. తుడుచుకుని వచ్చేశానన్నారు. ఇక తండ్రిని వెతకాలి. వెనక గది మొత్తం ఆ మట్టిలో కలిసిపోయింది. ఎముకలు దొరికితే మళ్ళీ పూడ్చాలి, పూడ్చకపోతే ఇల్లు ఇల్లు కాదు, ఆయన పెద్దవాడు కాదు. అప్పుడే తవ్వుతున్నారు. పారల చప్పుడు నాకు వినిపిస్తోంది. చూపించనా అని అడిగి ఫోన్ తిప్పబోయారు. వద్దన్నాను.

"అడుగునుంచి తవ్వుతున్నారా?"

"లేదు. పైనుంచి. మెట్లు మెట్లుగా."

"పగులు చూడడానికి పైన మనిషి ఉన్నాడా?"

"నేనే ఉన్నాను."

"అడుగున ఎవరైనా ఉన్నారా ఇప్పుడు?"

ఆయన వంగి చూడడం ఫోన్‌లో కనిపించింది. చాలాసేపు చూశారు.

"ఎవరూ లేరు" అన్నారు.